పగుళ్లకు మేస్త్రీని తిడితే సరిపోదు

సంపాదకుల గారికి నమస్కారం,

పోయిన వారం మీ జిల్లా పేజీలో కొత్త ఇళ్ల పగుళ్ల గురించి వేసినారు కదా, అది చదివినప్పటి నుంచి రాయాలనుకుంటా ఉంటే ఇప్పటికి కుదిరింది. మేస్త్రీని అన్నారు, సిమెంటును అన్నారు, ఇసుకను అన్నారు, అసలు డిజైన్ ఎవరు చేసినారు, ఆయనకు ఎంత ఇచ్చినారు అనే ముక్క ఒక్కటీ లేదు. నేను చానా ఏళ్లు సైట్ సూపర్‌వైజర్‌గా చేసినాను కాబట్టి ఊరుకోలేక రాస్తున్నా.

మన కర్నూలు, నంద్యాల వైపు యాడ చూసినా నల్లరేగడే. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, పైన గోడ ఏమవుతుందో చిన్నపిల్లోడికి కూడా తెలుసు. ఇట్లాంటి నేలకే రూర్కీలోని సీబీఆర్ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) వాళ్లు ఎప్పుడో అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి దింపే, అడుగున గుబ్బలాగా వెడల్పయ్యే కాంక్రీట్ స్తంభాలు తెచ్చినారు, రేగడి లోతుగా ఉంటే మామూలుగా మూడున్నర మీటర్లు దిగాలి అంటారు. ఏది ఎంత లోతు అనేది సాయిల్ టెస్ట్ చేస్తేనే తెలుస్తుంది. కానీ లక్షలు పోసి ఇల్లు కట్టేటోళ్లు మార్బుల్‌కు బేరం ఆడరు, వాస్తు సారుకు అడిగినంత చేతిలో పెడతారు, ఇంజనీర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చదరపు అడుగుకు ఇంకో రూపాయి తగ్గించు అంటారు.

ఆయన తగ్గిస్తాడు, ఎందుకంటే పక్క ఆఫీసాయన ఇంకా తక్కువకే గీసి ఇస్తాడు. తగ్గించినాక ఏం చేస్తాడు, ఆయనకూ ఇల్లుంది, ఆఫీసు బాడుగ ఉంది, నెలకు పదీ ఇరవై ఇళ్లు ఒప్పుకుంటాడు, సాయిల్ టెస్ట్ ఎగిరిపోతుంది, ఎర్రనేలకు గీసిన డ్రాయింగే పేరు మార్చి రేగడికి ఇస్తాడు. లెక్క చేసే టైం లేక ఎందుకైనా మంచిదని ఇనుము ఎక్కువ రాస్తాడు. నేను చూసిన సైట్లలో ఫీజులో మిగిలిన దానికంటే ఆ ఎక్కువ ఇనుముకే ఓనర్లు చానా పోగొట్టుకున్నారు. పునాది గుంత తవ్వినప్పుడు, స్లాబ్ ఇనుము కట్టినప్పుడు ఆయన వచ్చి చూడాల్సింది, రాడు. ఇనుము అడుగుకు ఆనకుండా కింద పెట్టే కవర్ బ్లాకులు లేకుండానే కాంక్రీట్ పోస్తారు, ఫ్లైయాష్ బూడిద కలిపిన పీపీసీ సిమెంట్‌కు కాంక్రీట్ పనుల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం పది రోజులు నీళ్లు పట్టాలని చెప్పే దిక్కు ఉండదు. కాంక్రీట్ గట్టితనం గ్రేడు ఎం20 అని కాగితం మీద ఉంటే చాలనుకుంటారు.

గవర్నమెంట్ పనులు ఇంకా ఘోరం. డీపీఆర్ (పని మొత్తం వివరాల రిపోర్టు) రాసే కన్సల్టెంట్ కూడా ఎల్-1, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినోడికే పని అనే లెక్క ప్రకారమే రావాలంట. తక్కువకు కోట్ చేసినోడు సర్వే సరిగ్గా చేస్తాడా, పాత రిపోర్టే తిరగేసి ఇస్తాడు, తర్వాత పని మధ్యలో ఎస్టిమేట్లు రివైజ్ చేసుకుంటా పోతారు, ఆ డబ్బు మనదే. 2021 అక్టోబర్‌లో కేంద్ర ఆర్థిక శాఖే రేటుతో పాటు క్వాలిటీకి మార్కులు వేసి ఎంచుకునే పద్ధతికి ఇంకా ఎక్కువ పనుల్లో దారి ఇచ్చింది. మన ఆఫీసర్లకు అది పట్టదు, తక్కువ రేటు అని ఫైల్‌లో రాసేస్తే ఆడిట్ వాళ్లు అడగరు గదా, వాళ్లకు అదే కావాల. ప్లాన్ అప్రూవల్ అంతా ఆన్‌లైన్ చేసినారు, సంతోషమే, అప్లోడ్ చేసిన లైసెన్స్డ్ ఇంజనీర్ ఆ సైట్ మొహం చూసినాడా లేదా అని అడిగేటోళ్లు ఎవరు?

2021 నవంబర్ వానలకు కదిరిలో కడతా ఉన్న బిల్డింగ్ పక్క ఇళ్ల మీద పడి పిల్లలు కూడా పోయినారు. నాలుగు రోజులు మాట్లాడుకున్నాం, అంతే.

ఫీజు ఎక్కువ ఇస్తే పని దానంతట అదే బాగుంటుందని నేను అనడంలా, ఎక్కువ తీసుకొని రానోళ్లు కూడా ఉన్నారు. అందుకే ఎన్ని విజిట్లు, ఏ స్టేజీలో వస్తాడు, సాయిల్ టెస్ట్ ఎవరి ఖర్చు అనేది ముందే కాగితం మీద రాసుకోవాల, దానికి తగ్గ ఫీజు ఇయ్యాల. మున్సిపాలిటీ కూడా పునాది దగ్గర, స్లాబ్ దగ్గర ఇంజనీర్ సంతకం, ఫోటో లేకుండా ఇంట్లో చేరొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇయ్యకూడదు.

మీరు కూడా ఈసారి పగుళ్ల వార్త వేసేటప్పుడు సాయిల్ రిపోర్ట్ ఉందా, డిజైన్ చేసినాయనకు ఎంత ఇచ్చినారు, ఎన్నిసార్లు సైట్‌కు వచ్చినాడు అని మీ విలేకరితో అడిగించి అది కూడా అచ్చు వేయండి.

- ఒక పాఠకుడు, కల్లూరు, కర్నూలు