పికప్ పోయిందంటే టర్బో పోయినట్లు కాదప్పా: చెకింగ్ ఛార్జీ గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్తే. అనంతపురంలో మా కార్ల రిపేరు షెడ్డుకు వచ్చిపోయేవాళ్ళు చాలామంది అడుగుతాండారు, ఆ మూలన నల్ల స్కోడా ఆక్టావియా ఎందుకన్నా ఇన్ని రోజుల్నుంచి అట్లే నిలబడి ఉండాది, మా స్విఫ్ట్ సర్వీసుకు మాత్రం రేపు రా ఎల్లుండి రా అంటావే అని. అడగడంలో న్యాయం ఉంది. ఆ బండి సంగతి చెప్తే ఈ నెల నుంచి చెకింగ్ ఛార్జీ విడిగా ఎందుకు తీసుకుంటున్నానో కూడా తెలిసిపోతుంది, అందుకే రెండూ కలిపి రాస్తాండా. కొంచెం పొడుగుంటది, టీ తాగతా చదవండి.

అది మామూలు ఆక్టావియా కాదు, ఆర్ఎస్. 2004లో మన దేశానికి వచ్చింది, 1.8 లీటర్ టర్బో పెట్రోల్ (టర్బో అంటే గాలిని ఒత్తి ఇంజన్‌లోకి తోసే ఫ్యాను అనుకోండి), సిలిండర్‌కు అయిదు వాల్వులు, 150 హార్స్‌పవర్. బాగున్న బండి ఎక్కితే ఇప్పటికీ మూడో గేర్‌లో వీపు సీటుకు అతుక్కుంటది. యూట్యూబ్‌లో యూరప్ వీడియోలు చూసి 180 హార్స్‌పవర్ కదన్నా అంటారు కొందరు, ఆ లెక్క అక్కడి ఆర్ఎస్‌ది, మనకిచ్చింది 150దే. ఆ 30 యాడికి పోయిందని కూడా నన్నే అడుగుతారు!

ఓనర్ గుంతకల్లు వైపు ఆయన, బండి బెంగళూరులో సెకండ్ హ్యాండ్ తీసుకున్నాడు. కంప్లైంట్ ఒకటే, 3000 ఆర్పీఎం దాటినాక గుంజట్లేదు. పెనుకొండ దాటి పైకి పోతాంటే లారీని ఓవర్‌టేక్ చేయల్లంటే గేర్ డౌన్ చేసి దేవుడికి దండం పెట్టుకోవాల్సి వస్తాందంట. ఐడ్లింగ్ బాగుంది, ఊళ్ళో సప్తగిరి సర్కిల్ ట్రాఫిక్‌లో తిరిగితే తేడానే తెలీదు, పొగ లేదు, చెక్ ఇంజన్ లైట్ అప్పుడప్పుడు వచ్చి పోతాంది. నా దగ్గరికి వచ్చేలోగా వేరే ఊర్లో ప్లగ్గులు మారినాయి, కాయిల్స్ మారినాయి, ఎయిర్ ఫ్లో సెన్సర్ మారింది, పెట్రోల్ పంపు మారింది. అన్నీ అయినాక ఇంగ టర్బోనే అని లక్ష పైన ఎస్టిమేట్ చేతిలో పెట్టినారు. ఆ కాగితం నాకు చూపించి అన్నా నువ్వైతే ఎంతకు మారుస్తావ్ అన్నాడు. నేను మార్చను, ముందు చూస్తా అన్నాను.

పికప్ లేదని వచ్చే బండ్లలో కొన్నిటికి ఇంజన్ శుభ్రంగా ఉంటది. క్లచ్ జారుతా ఉంటే ఆర్పీఎం లేస్తాది, స్పీడు లేవదు, మీటర్ మీద రెండు ముళ్ళూ చూస్తే అయిపాయ. బ్రేక్ కాలిపర్ పట్టేసి ఉంటే ఒక రౌండు వేసి వచ్చి చక్రం దగ్గర చెయ్యి పెడితే సలసలా కాగుతా ఉంటది. మన దుమ్ముకు ఈ బ్రేకు గొడవ ఎక్కువ. ఆర్ఎస్‌లో ఈ రెండూ లేవు. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటాందో, అది కూడా చూసినాం, నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి, ఇంజన్ ఓపెన్ చేయాల్సిన పనే లేదు.

తర్వాత స్కానర్, బండి కంప్యూటర్‌లో పడిన తప్పుల నంబర్లు, అంటే కోడ్‌లు చదివే మిషన్. మామూలు స్కానర్ కోడ్ చెప్పి ఊరుకుంటది. ఇట్లాంటి బండ్లకు ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్ల కోసమే చేసిన సాఫ్ట్‌వేర్ ఉంటే లోపలి లెక్కలు లైవ్‌లో కనిపిస్తాయి. మెమరీలో 17705 అనే కోడ్ ఉండాది. దాని అర్థం ఏందంటే టర్బోకు థ్రాటిల్‌కు (యాక్సిలేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) మధ్య పైపుల్లో ప్రెషర్ నిలబడట్లేదు అని. చూడండి, కోడ్ పైపులంటాంది, ఎస్టిమేట్ రాసినోళ్ళు టర్బో అని రాసినారు.

కానీ కోడ్ చూసి పార్టు మార్చడం కూడా నాకు నచ్చదు. షెడ్డు పిల్లోణ్ణి పక్కన ల్యాప్‌టాప్‌తో కూర్చోబెట్టుకుని రాప్తాడు దాటి హైవే ఎక్కినాం. ఆ సాఫ్ట్‌వేర్‌లో 115 నంబర్ గ్రూపు ఓపెన్ చేస్తే బండి కంప్యూటర్ ఎంత ప్రెషర్ అడుగుతాంది, నిజంగా ఎంత వస్తాంది, రెండూ పక్కపక్కన పడతాయి. అనంతపురం ఎత్తుకు బయటి గాలి ప్రెషర్ 970 మిల్లీబార్ చుట్టూ ఉంటది, టర్బో ఏమీ చేయకపోతే అదే కనిపిస్తాది. మూడో గేర్‌లో యాక్సిలేటర్ మొత్తం తొక్కితే కంప్యూటర్ 1500 పైన అడుగుతాంది, వచ్చేది 1200 దగ్గర ఆగిపోతాంది. ఓనర్ చెప్పింది నిజమే, గాలి కొట్టట్లేదు.

ఇక్కడే అసలు విషయం. ప్రెషర్ తక్కువ అని చూడంగానే టర్బో పోయిందంటారు. పక్కన ఇంగో లెక్క చూడల్ల, ఎయిర్ ఫ్లో సెన్సర్ నుంచి ఎంత గాలి లోపలికి పోతాందో. ఉజ్జాయింపుగా 150 హార్స్‌పవర్ ఇంజన్ ఫుల్ తొక్కితే సెకనుకు 120 గ్రాముల గాలి తీసుకోవల్ల. ఈ బండి దాదాపు అంత తీసుకుంటాంది! టర్బో చచ్చిపోయి ఉంటే అంత గాలి ఎట్ల లాగుతాది? సైలెన్సర్ వైపు పొగను శుభ్రం చేసే కన్వర్టర్ మూసుకుపోయి ఉన్నా అంత లాగలేదు. అంటే టర్బో పనిచేస్తాంది, గాలి లాగుతాంది, లాగిన గాలి ఇంజన్‌కు చేరకుండా మధ్యలో యాడో బయటికి పోతాంది. ఐడ్లింగ్‌లో ఫ్యూయెల్ ట్రిమ్ (బండి కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత పెంచుకుంటాందో తగ్గించుకుంటాందో ఆ లెక్క) కూడా సరిగానే ఉంది, లీకు థ్రాటిల్ తర్వాత ఉంటే ఐడ్లింగ్‌లోనే తప్పుడు గాలి దూరి అది ప్లస్‌లోకి పోయేది. కాబట్టి లీకు థ్రాటిల్‌కు ముందే, టర్బో నుంచి ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచే రేడియేటర్) మీదుగా వచ్చే దారిలోనే ఉండల్ల. కంప్రెషన్ కోసం ప్లగ్గులు తీసింది తప్ప ఇంతవరకు ఏమీ విప్పలేదు.

అప్పుడు బంపర్ విప్పినాం. టర్బో మూతి దగ్గర అడ్డు బిగించి కంప్రెసర్‌తో రెగ్యులేటర్ పెట్టి మెల్లగా గాలి వదిలి సోపు నీళ్ళు కొట్టడం, సైకిల్ ట్యూబు పంచర్ చూసినట్లే. పొగ మిషన్‌తో ముందు చూస్తే ఏమీ కనపడలేదు, ఎందుకంటే దాని ప్రెషర్ చాలా తక్కువ. అర బార్ దాకా పెంచినాక కనిపించింది, ఇంటర్‌కూలర్ కింది హోస్‌కు క్లాంపు పక్కనే చీలిక. చేత్తో పట్టుకుని చూస్తే పైపు బాగున్నట్లే ఉంటది, ప్రెషర్ ఎక్కంగానే పెదాలు తెరుచుకున్నట్లు తెరుచుకుని నురగ కక్కతాంది. అది కనపడక ముందే ఒక గుర్తు ఉండాది, బొటనవేలంత మేర దుమ్ము నల్లగా జిడ్డుగా అంటుకుని ఉంది, చుట్టూ పైపంతా పొడి దుమ్మే. గాలితో పాటు టర్బో నుంచి కొంచెం ఆయిల్ ఆవిరి బయటికి వస్తాంటే దుమ్ము దానికి పట్టుకుంటది. మీ బండి టర్బో అయితే సర్వీసప్పుడు హోస్‌ల మీద ఇట్లాంటి మచ్చ ఉందేమో మీరే చూడచ్చు.

ఇంగొకటి కూడా దొరికింది, డైవర్టర్ వాల్వు. యాక్సిలేటర్ వదిలినప్పుడు ఎక్కువైన గాలిని వెనక్కి తిప్పే చిన్న డబ్బా. విప్పి లోపలి పిస్టన్‌ను వేలితో నొక్కి, పైన వ్యాక్యూమ్ మూతిని ఇంగో వేలితో మూసి, పిస్టన్ వదిలితే అది అట్లే నిలబడల్ల. ఇది టక్కున వెనక్కి వచ్చేసింది. లోపల రబ్బరు పొర చిరిగిపోయిందని లెక్క. ఇరవై ఏళ్ళ రబ్బరు, మన ఎండాకాలం 40 దాటే ఎండలు, బానెట్ లోపల ఇంగెంత ఉంటదో మీరే అనుకోండి. ఇవి పోకపోతేనే ఆశ్చర్యం.

బండి మూలన నిలబడి ఉండేది ఇప్పుడు స్పేర్ల కోసమే. డూప్లికేట్ హోస్ వేసి పంపించేయచ్చు, ఇంగో ఎండాకాలానికి మళ్ళా వస్తాడు, అందుకే ఒరిజినల్ ఆర్డర్ పెట్టినాం. వాల్వు వచ్చింది, హోస్ రావల్ల. అప్పటిదాకా ట్రయల్ కోసం చీలిక వరకు కోసి పైపును లోపలికి జరిపి బిగించి హైవేలో చూసినాం, అడిగిన ప్రెషర్ అడిగినట్లు వస్తాంది, 3000 తర్వాత బండి మళ్ళా బండి అయింది. మెటీరియల్ ఖర్చు ఆ టర్బో ఎస్టిమేట్‌లో పదో వంతు కూడా కాదు.

ఇప్పుడు డబ్బుల సంగతి, మొహమాటం లేకుండా చెప్తా. షెడ్డు నడిచేది స్పేర్ల మార్జిన్ మీద, లేబర్ మీద. టర్బో మార్చి ఉంటే నాకు మిగిలేది ఎక్కువ, పనీ తక్కువ. టెస్టింగ్‌కు మన దగ్గర ఎవరూ డబ్బులివ్వరు, చూసినందుకు కూడా డబ్బులా అంటారు. చూసినందుకు డబ్బులు రాకపోతే చూడటం మానేసి మార్చడం మొదలుపెడతారు ఎవరైనా, ఆ ఆక్టావియా ఆయన మార్చిన నాలుగు పార్టుల బిల్లు అట్లే అయింది. అందుకని పికప్ కంప్లైంట్‌కు చెకింగ్ ఛార్జీ మామూలు పెట్రోల్ బండికి 1500, టర్బో బండికి 3000. రీడింగులు కాగితం మీద రాసిస్తా, పని నా దగ్గరే చేయించల్లని లేదు, ఆ కాగితం తీసుకుని యాడికైనా పోండి. పని నీ దగ్గరే చేయిస్తా కదా, బిల్లులో తీసేయన్నా అంటారు. తీసేయను. తీసేస్తే మళ్ళా ఆ డబ్బు స్పేర్ల నుంచి రాబట్టల్ల, అదే కదా వద్దనుకున్నాం.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ గురించి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు, దానివల్లే పవర్ పోయిందా అని. ఇథనాల్ కలిస్తే లీటర్‌కు ఎనర్జీ ఆరేడు శాతం తగ్గుతాది, మైలేజ్ కొంచెం పడుతుంది, పాత బండ్ల పెట్రోల్ పైపుల రబ్బరుకు కూడా అది మంచిది కాదు, ఒప్పుకుంటా. కానీ కంప్యూటర్ ఉన్న బండి దానికి తగ్గట్లు పెట్రోల్ ఎక్కువ వేసుకుంటది, సగం పవర్ పోయే సమస్యే లేదు. ఇప్పుడు ఫ్యూయెల్ ట్రిమ్ కొన్ని శాతం ప్లస్‌లో ఉండటం మామూలే, అది చూసి యాడో గాలి లీకు అని పైపులన్నీ మార్చేవాళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త.

టర్బో ఎప్పుడూ పోదని నేను అనట్లేదు. బ్లేడు పట్టుకుని ఊపితే గోడకు తగిలేంత ఆట ఉంటే, రేస్ చేస్తే నీలం పొగ వస్తాంటే, సైరన్ మాదిరి కూత పెడతాంటే, అప్పుడు నేనే చెప్తా మార్చమని. ఇంగ కన్వర్టర్ పగలగొట్టి ఖాళీ డబ్బా పెట్టమని, రీమ్యాప్ (పవర్ పెంచడానికి బండి కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించమని వచ్చేవాళ్ళకు, మొదటిది చేయను, రెండోది బండి ఆరోగ్యంగా ఉందని రీడింగు చూసినాకే మాట్లాడదాం.

మంగళ, బుధవారాలు ఇట్లాంటి చెకింగ్ బండ్లకే పెట్టినా, మిగతా రోజులు మామూలు సర్వీసులకు, కాబట్టి స్విఫ్ట్ వాళ్ళు, ఐ20 వాళ్ళు ఇంగ నన్ను తిట్టుకోనవసరం లేదు. చెకింగ్‌కు వచ్చేటప్పుడు పాత బిల్లులు అన్నీ తెండి, సగం ట్యాంకు పెట్రోల్ ఉంచండి, హైవే ట్రయల్ వేయల్ల. అన్నిటికన్నా ముఖ్యంగా వచ్చేముందు రోజు ఎవరి దగ్గరో కోడ్‌లు చెరిపించుకుని రావద్దు, లైటు ఆరిపోతాది గానీ నాకు కావాల్సిందే ఆ కోడ్. డేట్ కోసం వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, ఫోన్ చేస్తే చేతికి గ్రీజు ఉంటది, ఎత్తను.