కిరాయి ఇళ్ల కరెంటు మీటర్ల విషయమై ఇంధన శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఇంధన శాఖ మంత్రివర్యులకు,

హనుమకొండలో కిరాయి ఇంట్లో ఉంటూ ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకునే వ్యక్తి నమస్కరించి రాయునది.

2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్లలోపు వాడుకునే తెల్లరేషన్ కార్డు కుటుంబాలకు జీరో బిల్లులు వస్తున్నాయి. కిరాయికి ఉండేవాళ్లకు కూడా ఇది వర్తిస్తుందని ప్రభుత్వం మొదట్లోనే ప్రకటించినప్పుడు మా వాడలో అందరమూ సంతోషపడ్డాం. అయితే పథకం అమలయ్యేది మీటరును బట్టి. ఆ మీటరు ఓనరు పేరు మీద ఉంటుంది, చాలా ఇళ్లలో మూడు నాలుగు కుటుంబాలకు కలిపి ఒక్కటే ఉంటుంది. అందువల్ల ప్రకటనలో మాకు వచ్చిన హక్కు బిల్లు దాకా రాకుండానే ఆగిపోతున్నది. ఈ లేఖలో నేను అడగదలచుకున్నది ఒక్కటే: కిరాయిదారు ఉంటున్న పోర్షన్‌కు, ఓనరు సంతకంతో నిమిత్తం లేకుండా, వేరే మీటరు ఇప్పించండి. మిగతా బాధల్లో ఎక్కువ భాగం దీన్నుంచి పుట్టినవే.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన ఈ నగరంలో కిరాయి పోర్షన్లు లేని గల్లీ ఉండదు. ఎంజీఎం ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేసే నర్సులు, కాకతీయ యూనివర్సిటీలో చదువుకోవడానికి ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన పిల్లలు, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీలు, దుకాణాల్లో గుమాస్తాలు, అందరూ ఈ పోర్షన్లలోనే ఉంటారు. కింద ఓనరు, పైన రెండు పోర్షన్లు, వెనక ఒక రేకుల గది, ఇదీ మామూలుగా కనిపించే ఇల్లు. అలాంటి ఇంటి మెట్ల కింద ఉండే బోర్డును తమరు ఒకసారి చూస్తే నేను చెప్పేది తేలికగా అర్థమవుతుంది. పైన శాఖవారు సీలు వేసిన మీటరు ఒకటి, దాని కింద బజారులో కొని తెచ్చి బిగించిన సబ్ మీటర్లు, వాటి పక్కన చెక్క మీద సుద్దతో రాసిన పోర్షన్ నంబర్లు. బిల్లు తీసే మనిషి నెలకోసారి వచ్చి పైదాని రీడింగ్ మాత్రమే తీసుకుని చీటీ ఇచ్చిపోతాడు. ఆ తర్వాత ఓనరమ్మ నోటుబుక్కు పట్టుకుని, సెల్‌ఫోన్ లైటు వేసి కింది మీటర్ల అంకెలు రాసుకుని, యూనిట్‌కు పది రూపాయల చొప్పున ఎవరెంత ఇవ్వాలో చెబుతుంది.

ఆమెను నేను తప్పుపట్టడం లేదు. లెక్క చూడండి. ఇంట్లో నాలుగు కుటుంబాలు ఉన్నాయని, ఒక్కొక్కరు నెలకు 90 యూనిట్లు వాడుతున్నారని అనుకుందాం. ఎవరి మీటరు వారికి ఉంటే మొదటి 50 యూనిట్లకు రూ.1.95, తర్వాతి 40 యూనిట్లకు రూ.3.10 చొప్పున ఒక్కో కుటుంబానికి కరెంటు చార్జీ రూ.221.50, నలుగురికీ కలిపి రూ.886 అవుతుంది. అదే 360 యూనిట్లు ఒకే మీటరు మీద తిరిగితే ఆ ఇల్లు 200 యూనిట్లు దాటిన కేటగిరీలోకి పోతుంది. అక్కడ మొదటి 200 యూనిట్లకే రూ.5.10, ఆపై వందకు రూ.7.70, మిగిలిన అరవైకి రూ.9 చొప్పున మొత్తం రూ.2,330 పడుతుంది. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు వేరే. వాడిన కరెంటులో ఒక్క యూనిట్ తేడా లేదు, బిల్లు మాత్రం రెండున్నర రెట్లకు పైగా పెరిగింది. దీనికి నీళ్ల మోటారు, మెట్ల లైటు ఖర్చు కూడా కలుపుకుని ఓనరమ్మ పది రూపాయలు అంటున్నది. పది ఎక్కువేనని నా అభిప్రాయం. కానీ యూనిట్ సగటును ఆరున్నర దగ్గరికి తెచ్చింది ఓనరు కాదు, వాడకం పెరిగేకొద్దీ ధర పెంచే స్లాబు పద్ధతి. పేదవాడు తక్కువ వాడుతాడు కాబట్టి అతనికి తక్కువ ధర ఉండాలని పెట్టిన స్లాబు, నలుగురు పేదలు ఒకే కప్పు కింద ఉన్నందుకు వాళ్లను పెద్ద వాడకందారుగా లెక్కగడుతున్నది. ఇక ఆ నలుగురిలో తెల్లకార్డు ఉన్న హమాలీ కుటుంబానికి న్యాయంగా రావలసింది జీరో బిల్లు. వాళ్లు కడుతున్నది నెలకు తొమ్మిది వందలు.

చట్టం మావైపే ఉన్నది, అదే బాధ. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఒక ఇంటి యజమాని గానీ, ఆ ఇంట్లో ఉంటున్నవారు గానీ దరఖాస్తు చేస్తే పంపిణీ సంస్థ కనెక్షన్ ఇవ్వాలి. యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో కిరాయిదారుకు కరెంటు నిరాకరించరాదని, దరఖాస్తుదారు ఆ ఇంట్లో ఉంటున్నాడా లేదా అన్నదే అధికారులు చూడాలని దిలీప్ వర్సెస్ సతీశ్ కేసులో సుప్రీంకోర్టు 2022లో తేల్చి చెప్పింది. కేంద్రం 2020లో తెచ్చి 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాల్లో కొత్త కనెక్షన్‌కు మహానగరాల్లో మూడు రోజులు, ఇతర పురపాలక ప్రాంతాల్లో ఏడు రోజులు, పల్లెల్లో పదిహేను రోజులు మించరాదని గడువు కూడా ఉన్నది.

ఇన్ని ఉన్నా, నేను దరఖాస్తు పట్టుకుని వెళ్లిన కార్యాలయంలో మొదట అడిగింది ఇంటి పన్ను రసీదు, రెండవది ఓనరు సంతకం. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు. కిరాయి ఒప్పంద పత్రం, గ్యాస్ పుస్తకం చూపించి, సుప్రీంకోర్టు తీర్పు ప్రతి కూడా ముందు పెడితే, "సార్, మీరు చెప్పేది నిజమే కావచ్చు, పైనుంచి మాకు రాతపూర్వకంగా ఏదీ రాలేదు" అన్నారు. ఆయన మాటలో నాకు తప్పు కనిపించలేదు. రేపు ఓనరు వచ్చి గొడవపెడితే జవాబు చెప్పుకోవలసింది ఆయనే. అందుకే కింది కార్యాలయాలకు గాక తమరికి రాస్తున్నాను. ఆ రాతపూర్వకమైన మాట తమరి దగ్గర నుంచి రావాలి.

ఓనర్ల భయాలను కూడా కొట్టిపారేయలేం. కిరాయిదారు పేరు మీద మీటరు ఇస్తే రేపు ఇల్లే నాదంటాడేమోనని, పోర్షన్లు వేరని తేలితే నగరపాలక సంస్థ ఇంటి పన్ను పెంచుతుందేమోనని, బకాయి పెట్టి పోతే తమ నెత్తిన పడుతుందేమోనని వాళ్లు జంకుతారు. మొదటి రెండింటికీ ప్రభుత్వం ఒక స్పష్టమైన ప్రకటన చేస్తే చాలు. మీటరు ఎవరి పేరు మీద ఉన్నా దానివల్ల ఇంటి మీద ఏ హక్కూ రాదని, కరెంటు సర్వీసుల లెక్కను బట్టి ఇంటి పన్ను మార్చబోమని దరఖాస్తు ఫారం మీదే అచ్చువేయించవచ్చు. మూడోదానికి కిరాయిదారు దగ్గర డిపాజిట్ ముందే తీసుకోండి. అవసరమైతే కాస్త ఎక్కువే తీసుకోండి, కట్టడానికి మాకు అభ్యంతరం లేదు.

డిపాజిట్ మాట వచ్చింది కాబట్టి ఏసీడీ, అంటే అదనపు వినియోగ డిపాజిట్, గురించి ఒక మాట. 2023 మొదట్లో ఈ పేరుతో బిల్లుల్లో అదనపు మొత్తాలు వచ్చినప్పుడు ఉత్తర తెలంగాణ జిల్లాల్లో ఎంత అలజడి రేగిందో తమరికి తెలియనిది కాదు. అది సర్వీసు ఎవరి పేరు మీద ఉంటే వారి ఖాతాలో ఉండే సొమ్ము. కట్టింది కిరాయిదారు అయినా, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తిరిగి అడిగే దారి అతనికి లేదు. బిల్లులో ఆ పద్దు పక్కన "ఇది సర్వీసుదారు చెల్లించవలసినది" అని ఒక ముక్క ఉంటే ఓనరుతో మాట్లాడుకోవడానికి మాకు ఆధారం దొరుకుతుంది.

మీటరు వేరుగా ఉన్న పోర్షన్లలోనూ చిక్కు తీరలేదు. మా పక్క పోర్షన్‌లోకి కొత్తగా వచ్చిన కుటుంబానికి తెల్లకార్డు ఉన్నది, వాడకం వంద యూనిట్లు దాటదు. అయినా జీరో బిల్లు రాలేదు, ఎందుకంటే వాళ్లకంటే ముందున్నవాళ్లు తమ రేషన్ కార్డును ఆ సర్వీసు నంబరుకే జతచేసుకుని, మార్పించకుండానే వేరే ఊరికి వెళ్లిపోయారు. వాళ్లను వెతికి పట్టుకుని పేరు తీయించే పని ఈ కుటుంబం మీద పడింది. భర్త ఆటో తోలుతాడు. ఆఫీసుకు పోయిన రోజు ఆటో కిరాయిలు పోతాయి. కిరాయిదారులు ఇళ్లు మారుతూనే ఉంటారు కాబట్టి, ఇప్పుడు ఉంటున్నవారు కిరాయి పత్రం చూపిస్తే పాత అనుసంధానం రద్దయి కొత్తది నమోదయ్యే ఏర్పాటు మీసేవలోనో, కరెంటు సెక్షన్ ఆఫీసులోనో ఉండాలి.

సరఫరా విషయానికి వస్తే, ఒక కుటుంబానికి సరిపడా లోడు మంజూరైన సర్వీసు వైరు మీద నాలుగు కుటుంబాల ఫ్రిజ్‌లు, కూలర్లు నడుస్తుంటే వేసవి రాత్రుల్లో వోల్టేజీ నిలవదు. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేంత మెల్లగా తిరుగుతుంది, ఫ్రిజ్ కంప్రెసర్ ఎత్తుకోలేక గుర్రుగుర్రుమని ఆగిపోతుంది. లోడు పెంచమని అడగడానికి కూడా ఓనరే రావాలంటారు. అసలు లోడు ఎంత ఉన్నదో సంస్థకు తెలియకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఎంతది కావాలో ఎట్లా అంచనా వేస్తారు? మీటర్లు వేరైతే ఆ లెక్క దానంతటదే తేలుతుంది.

ఇంకొకటి చాలా ముఖ్యం. బిల్లు కట్టకపోతే పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాకే కనెక్షన్ తీయాలని 56వ సెక్షన్ చెబుతున్నది. ఆ నోటీసైనా, మెసేజ్ అయినా పోయేది ఓనరు పేరుకు, ఓనరు ఫోన్‌కు. ఓనరు హైదరాబాద్‌లో ఉండి, మా దగ్గర డబ్బు తీసుకుని కూడా కట్టడం మరిచిపోతే, లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేదాకా మాకు సంగతే తెలియదు. పరీక్షలకు చదువుకునే పిల్లలు, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న పెద్దవాళ్లు ఉండే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. నోటీసు ప్రతిని మీటరు బోర్డు దగ్గర అతికించాలని, అక్కడ ఉంటున్నవారు ఎవరైనా బకాయి కట్టి కరెంటు నిలుపుకోవచ్చని ఆదేశించండి. అలాగే బిల్లు మీద, మీటరు మీద ఫిర్యాదును కిరాయిదారు పేరుతోనే తీసుకోవాలి. తన ఇంటికి ఆ కరెంటు వస్తున్న ప్రతి వ్యక్తీ వినియోగదారే అని చట్టం 2వ సెక్షన్‌లోని నిర్వచనం చెబుతుంటే, "సర్వీసు మీ పేరు మీద లేదు కదా" అని తిప్పి పంపడం సరికాదు. రీడింగ్ మీద అనుమానం ఉందంటే ఐదు రోజుల్లో మరో మీటరు పెట్టి చూడాలన్న 2024 సవరణ మా పోర్షన్లకూ వర్తించాలి.

ఈ విషయాల మీద రాష్ట్రంలోని అన్ని సెక్షన్ కార్యాలయాలకు ఒక ఉత్తర్వు తెలుగులో పంపించి, దాన్ని దరఖాస్తులు తీసుకునే కిటికీ దగ్గర అందరికీ కనిపించేటట్టు పెట్టించండి. ఎండాకాలం కూలర్లు మొదలుకాకముందే అది వస్తే, కనీసం ఈసారి 200 యూనిట్ల లోపు వాడే కుటుంబాలు వేరే మీటర్ల మీదికి మారగలుగుతాయి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక కిరాయిదారు, హనుమకొండ