మీ అమ్మాయి అడిగిన పని గురించి

విజయనగరం,
ఆదివారం రాత్రి.

ప్రియమైన సూరీ,

నీ ఉత్తరం గురువారమే అందింది. తీరిగ్గా కూర్చుని రాద్దామని ఇవాళ్టిదాకా ఆగాను. "బీకాం ఫస్టు క్లాసులో ప్యాసైన పిల్ల విజయనగరం వచ్చి నీ దగ్గర బ్రోకరు పని నేర్చుకుంటానంటోంది, వద్దని నువ్వైనా చెప్పరా" అని రాశావు. బ్రోకరు అన్న మాట నీకు ఎక్కడ గుచ్చుకుందో నాకు తెలుసు. మా నాన్నకూ అక్కడే గుచ్చుకుంది. బట్టల కొట్టులో లెక్కలు రాసే ఉద్యోగం మానేసి నేను ఈ పనిలోకి దిగినప్పుడు ఆయన నెల రోజులు నా ముఖం చూసి మాట్లాడలేదు. అందుకని నీ మీద నాకు కోపం లేదు. కానీ నువ్వు చెప్పమన్న మాట నేను చెప్పలేను. పిల్లను పంపించు.

నువ్వు బ్రోకరంటే ప్లాట్లు అమ్మేవాణ్ణి ఊహించుకుంటున్నావు. అందులో నీ తప్పేమీ లేదు, మన జిల్లాలో ఇప్పుడు కంటికి కనిపించేది వాళ్ళే. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. రెండుసార్లూ ఇక్కడ టీ కొట్టు దగ్గర నిలబడ్డ ప్రతివాడి చేతిలో ఏదో ఒక లేఅవుటు నక్షా ఉంది. వాళ్ళలో మంచివాళ్ళు లేరనను. అయితే ప్లాటు అమ్మినవాడికి కొన్నవాడితో మళ్ళీ పని పడదు. నాకు అలా కుదరదు. నేను చోటు చూపించిన మందుల కొట్టాయన రోజూ ఉదయం నా దారిలోనే షట్టరు ఎత్తుతాడు. పైకప్పు కారితే, పక్క కొట్టువాడు మెట్ల కింద అట్టపెట్టెలు పేర్చేస్తే, ఆయన ఆపి అడిగేది నన్నే.

మాది కొట్లకు, ఆఫీసులకు, బ్యాంకు శాఖలకు, ఆసుపత్రులకు, గోదాములకు చోటు వెతికి, అద్దె ఒప్పందం కుదిర్చి, ఆ తర్వాత ఆ భవనం బాగోగులు చూసుకునే పని. ఆ చివరి ముక్కలోనే అసలు బతుకు ఉందని తెలుసుకోవడానికి నాకు అయిదేళ్ళు పట్టింది. తెలియక ముందు ఒక మనిషికి నష్టం చేశాను. అది నీకు ఇదివరకెప్పుడూ చెప్పలేదు.

మూడు లాంతర్ల కూడలి నుంచి కోటవైపు వెళ్ళే దారిలో ఒక పాత భవనం. రెడీమేడ్ బట్టల కొట్టు పెట్టుకోవడానికి ఒక కుర్రాడికి కింది అంతస్తు ఇప్పించాను. మంచి చోటు, మంచి అద్దె, రెండు వైపులా కమీషన్ చేతికి వచ్చింది. వాడు అప్పు చేసి ఏసీలు పెట్టాడు, అద్దాలు బిగించాడు, నిలువెత్తు లైట్ల బోర్డు కట్టించాడు. ప్రారంభించిన రెండో రోజు సాయంత్రం దీపాలన్నీ వేసేసరికి మీటరు పెట్టె దగ్గర కమురు వాసన, ఆ వెంటనే చీకటి. ఆ భవనానికి ఉన్న కరెంటు లోడు ఎంతో నేను చూడలేదు. ఒక ఇంటికి సరిపోయే లోడు అది. పెంచమని దరఖాస్తు, డిపాజిట్టు, కొత్త తీగ, తనిఖీ, ఇవన్నీ పూర్తయ్యేసరికి దసరా వెళ్ళిపోయింది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు నేను ఆ దారిన వెళ్ళాను. సిరిమాను మూడుసార్లు గుడి నుంచి కోటకు, కోట నుంచి గుడికి తిరిగే వీధి అది. నేల ఈనినట్టు జనం. ఆ జనం మధ్యలో ఆ కుర్రాడు గుమ్మం ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, వెనక కొట్టులో ఒక్క చార్జింగ్ లైటు. నన్ను చూశాడు. ఒక్క మాట అనలేదు. మర్నాడు ఉదయం వాడి దగ్గర తీసుకున్న కమీషన్ వాడికి తిరిగి ఇచ్చేశాను. పోయిన పండగను మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తాను?

అప్పటి నుంచి ఏ భవనానికి వెళ్ళినా నా కళ్ళు ముందు మీటరు పెట్టె వైపు వెళ్తాయి. తర్వాత టేపు తీస్తాను. యజమాని వెయ్యి అడుగులు అంటాడు. లోపల గోడ నుంచి గోడకు కొలిస్తే ఏడు వందల ఎనభై వస్తుంది. ఆయన అబద్ధం ఆడడం లేదు. గోడల మందం, మెట్లు, వరండా, అన్నీ కలిపి ఇంజినీరు చెప్పిన లెక్క ఆయన చెబుతున్నాడు. అద్దెకు వచ్చేవాడు బీరువాలు పెట్టుకోగల చోటు ఎంత అని అడుగుతున్నాడు. ఇద్దరూ అడుగులనే అంటున్నారు, ఇద్దరి మనసులో అడుగులు వేరు. అడ్వాన్సు చేతులు మారకముందే ఆ రెండు లెక్కలూ ఒకే కాగితం మీద రాసి ఇద్దరి ముందూ పెడితే, రేపు జరగబోయే తగాదాల్లో సగం అక్కడే ఆగిపోతాయి.

పడమటి ముఖం కొట్టు మధ్యాహ్నం మూడింటికి ఎలా ఉంటుందో ఆ మూడింటికే వెళ్ళి చూడాలి. ఎండ కౌంటరు దాకా వస్తే మిఠాయి కొట్టుకు పనికిరాదు. ఇనుప సామాను కొట్టుకు ఇబ్బంది లేదు. వానలో ఒకసారి వెళ్ళి మురుగు ఎటు పోతోందో చూడాలి. రోడ్డుకు ఏ వైపు జనం నడుస్తున్నారో నిలబడి లెక్కపెట్టాలి. ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర బస్సు దిగినవాళ్ళు ఒక వైపునే నడుస్తారు, ఎదుటి వైపు అద్దె తక్కువ ఉంటే అందుకు కారణం ఉంటుంది. నేను మొదటి ఏడాదంతా వీధి వీధికీ ఒక నోటు పుస్తకం రాసుకున్నాను: ఏ షట్టరు ఎన్నాళ్ళుగా మూసి ఉంది, ముందు ఎవరున్నారు, ఎందుకు ఖాళీ చేశారు, యజమాని ఎక్కడ ఉంటాడు. ఆ పుస్తకాలు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉన్నాయి. ఈ పనిలో నాకున్న ఆస్తి అదే.

కాగితాల సంగతి. మీ అమ్మాయి బీకాం చదివింది కాబట్టి ఇది ఆమెకు కష్టం కాదు, నాకైతే కష్టమే అయింది. పదకొండు నెలలకు స్టాంపు కాగితం రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఊళ్ళో చాలామంది నమ్మకం. కేంద్రం చేసిన 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాది దాటిన లీజులకే ఆ షరతు. మన రాష్ట్రం 1999లో దాన్ని సవరించి అన్ని లీజులకూ వర్తింపజేసింది. ఈ సంగతి తెలియక రిజిస్టరు కాని కాగితం పట్టుకుని కోర్టుకెక్కి, అందులోని షరతులు చెల్లక నష్టపోయినవాళ్ళున్నారు. మరొకటి చూడు: జీఎస్టీలో నమోదు కాని యజమాని తన కొట్టును నమోదైన వ్యాపారికి అద్దెకిస్తే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ అద్దె మీద 18 శాతం పన్ను కట్టే బాధ్యత మామూలుగా అద్దెదారుదే. అద్దె ఎంతో మాట్లాడుకునేటప్పుడే ఈ మాట చెప్పకపోతే మూడో నెల వచ్చి నా మీద పడతారు. పడాలి కూడా. రేరా లైసెన్సు గురించి అడిగావు. రేరా అంటే స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే చట్టం. ఆ 2016 చట్టంలో ఏజెంటు అంటే అమ్మకాలు కుదిర్చేవాడు, అద్దెలు అందులోకి రావు. అంటే మా పని మీద పైనుంచి చూసే కన్ను పెద్దగా లేదు. అందువల్లనే ఇక్కడ మాట నిలబెట్టుకునే మనిషికి అంత విలువ.

ఇక భవనాలు చూసుకోవడం. నిజానికి ఈ ఉత్తరం రాస్తున్నది దీని గురించే.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను రోజు నీకు గుర్తుంది కదా, అప్పుడు నువ్వు భిలాయ్ నుంచి ఫోను చేస్తే కలవలేదు. సిరిమానోత్సవం అయిన వారంలోనే వచ్చింది. మర్నాడు బయటికి వస్తే రోడ్ల నిండా చెట్లు, రేకులు, బోర్డులు. నేను అద్దెకు ఇప్పించిన భవనాల యజమానుల్లో సగం మంది ఊళ్ళో లేరు. ఒకాయన అమెరికాలో కొడుకు దగ్గర, ఒకావిడ హైదరాబాదులో. ఎవరికీ ఫోను అందదు. నన్ను ఎవరూ పిలవలేదు. కానీ సైకిలు వేసుకుని బయల్దేరాను. ఒక రిటైర్డు మాస్టారి మూడంతస్తుల భవనం మీద నీళ్ళ ట్యాంకు గోడ వైపు ఒరిగి ఉంది. ఇంకో గాలి వస్తే కింద నడిచేవాళ్ళ మీద పడుతుంది. ఇద్దరు కూలీలను పట్టుకుని తాళ్ళతో దింపించాను. కింద కంప్యూటర్ సెంటరులో చేరిన నీళ్ళు బకెట్లతో తోడించాను. ఎక్కడ ఏం విరిగిందో ఒక్కొక్క కొట్టుకూ నోటు పుస్తకంలో రాసి తేదీ వేశాను. వారం తర్వాత ఫోన్లు పనిచేశాక మాస్టారికి ఆ పేజీలు చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాయనా, ఇకమీదట ఆ భవనం నువ్వే చూసుకో, నెలకు ఎంత ఇవ్వాలో చెప్పు" అన్నారు.

ఎంతని చెప్పాలో నాకు తెలియలేదు. వసూలైన అద్దెలో నూటికి అయిదు అన్నాను. ఇప్పటికీ అదే తీసుకుంటున్నాను.

లెక్క నువ్వే వెయ్యి. ముప్ఫై వేల అద్దె కొట్టు కుదిరిస్తే మాకు ఒక నెల అద్దె కమీషన్, ముప్ఫై వేలు. వచ్చిన రోజు పండగ, తర్వాత మూడు నెలలు ఏమీ ఉండకపోవచ్చు. ఆషాఢం, మూఢం వచ్చాయంటే ఎవరూ కొట్టు మారరు, సంతకం పెట్టరు. అదే కొట్టును నెలనెలా చూసుకుంటే పదిహేను వందలు. చిన్న మొత్తమే. అలాంటి కొట్లు ఇరవై ఉంటే ప్రతి నెలా ముప్ఫై వేలు, ఆషాఢంలో కూడా. పైగా ఆ ఇరవైలో ఏది ఖాళీ అవుతున్నా అందరికంటే ముందు తెలిసేది మాకే. దానికి బదులుగా ఏం చేస్తామంటే, అయిదో తారీఖులోపు అద్దెలు వసూలు చేస్తాం, లిఫ్టువాణ్ణి సమయానికి రప్పిస్తాం, వానాకాలం ముందు డాబా మీద చెత్త తీయించి నీటి గొట్టాలు శుభ్రం చేయిస్తాం. ఏడాది ఆస్తి పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టించి అయిదు శాతం రాయితీ యజమానికి మిగులుస్తాం. రాత్రి కాపలా మనిషికి జీతం సరిగా అందుతోందో లేదో కూడా చూస్తాం. ఆయనకు అందకపోతే జనరేటరులో డీజిలు ఉండదు.

ఆడపిల్ల ఒంటరిగా ఖాళీ భవనాల్లోకి ఎలా వెళ్తుందని నీ భయం. అది న్యాయమైన భయం, నేను తీసిపారేయను. నా దగ్గర చోటు చూపించడానికి ఎవరు వెళ్ళినా ఇద్దరు వెళ్ళాలి, పగటి పూటే వెళ్ళాలి, ఎక్కడికి వెళ్తున్నదీ పుస్తకంలో రాసి వెళ్ళాలి. అది మగవాళ్ళకూ నియమమే. ఇంకో సంగతి నీకు తెలియాలి. ఈ ఊళ్ళో చాలా భవనాలు భర్త పోయిన ఆడవాళ్ళ పేరు మీద ఉన్నాయి. వాళ్ళు నాతో గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడతారు. అల్లుడు చెప్పినట్టు సంతకం పెట్టేశాను బాబూ, ఏం రాశారో తెలియదు అని అడ్వాన్సు పోగొట్టుకున్నాక చెబుతారు. మీ అమ్మాయి వెళ్ళి వంటింట్లో కూర్చుని ఆ కాగితం చదివి వినిపిస్తే ఆ ముసలమ్మలకు ఎంత ధైర్యమో ఆలోచించు. పోయిన సంక్రాంతికి మీరు వచ్చినప్పుడు, మా ఆఫీసులో ఒక పాత ఒప్పందం చేతిలోకి తీసుకుని, "మామయ్యా, ఇందులో అద్దె పెంపు ఏటా అయిదు శాతం అని ఒకచోట, మూడేళ్ళకు పదిహేను అని ఇంకోచోట ఉంది, రెండూ ఒకటి కావు కదా" అని అడిగింది. నేను మూడేళ్ళుగా చూస్తున్న కాగితం అది. అప్పుడే నాకు అనిపించింది, నీకు చెప్పలేదంతే.

మొదటి ఏడాది జీతమే ఇస్తాను, కమీషన్ మీద వదలను. పెద్దది కాదు కానీ ఆమె ఖర్చులకు సరిపోతుంది. ఉండటం మా ఇంట్లోనే, మీ చెల్లెలు ఇప్పటికే మేడ మీద గది ఖాళీ చేయిస్తోంది. ఏడాది తర్వాత తనకు నచ్చకపోతే భిలాయ్ వచ్చేస్తుంది, నువ్వన్న బ్యాంకు పరీక్షలు రాసుకుంటుంది.

ఆషాఢం మొదట్లోనే పంపించు. ఎవరూ కొట్లు మారని నెల కాబట్టి నాకు తీరిక, వీధులన్నీ కాలినడకన తిప్పి చూపించవచ్చు. తెల్లవారుజామున దుర్గ్‌లో వందేభారత్ ఎక్కిస్తే మధ్యాహ్నం భోజనానికి మా ఇంట్లో ఉంటుంది. స్టేషనుకు నేనే వస్తాను. గొడుగు, నడవడానికి మంచి చెప్పులు తెచ్చుకోమను. టేపు నేను కొని ఉంచాను.

వదినగారికి నమస్కారాలు చెప్పు.

నీ
రాము