ములాఖత్‌కు ఎవరూ రానివాళ్ళ దగ్గరికి

చిరంజీవి బుజ్జికి,

బరంపురం నుంచి అమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం.

జైలులో ఉన్నవాళ్ళకు కావలసింది వకీలూ బెయిలూ గాని భజనలూ ప్రార్థనలూ కావనీ, మా బృందం సర్కిల్ జైలుకు వెళ్ళి చేసేదంతా వాళ్ళను ఉన్నచోటనే సర్దుకుని పడి ఉండమని చెప్పడమేననీ నువ్వు నిష్కర్షగా రాశావు. న్యాయశాస్త్రం చదువుతున్న పిల్ల ఆ మాట అడగకపోతేనే నేను బాధపడేదాన్ని.

నీ కోపంలో న్యాయం ఉంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కల్లో దేశంలోని జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్ళే. మన గజపతి, రాయగడ, కొరాపుట్ కొండల నుంచి గంజాయి కేసుల్లో వచ్చినవాళ్ళ సంగతి మరీ దారుణం. మూట మోసిన కూలివాడు లోపల ఉంటాడు, మోయించినవాడి అసలు పేరు కూడా అతనికి తెలియదు. పట్టుబడిన సరుకు ఎక్కువైతే మత్తుపదార్థాల చట్టంలోని (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షను బెయిలుకు అడ్డం పడుతుంది. అటువంటి మనిషి ఎదుట కూర్చుని పూర్వజన్మ కర్మ గురించి చెప్పడం నా దృష్టిలో క్రూరత్వమే, ఆ పని మా బృందంలో ఎవరినీ చేయనివ్వను.

అయితే మేము చేసేది అది కాదమ్మా. గేటు దగ్గర ఫోన్లు అప్పగించి, రిజిస్టరులో సంతకాలు పెట్టి, మహిళల వార్డులోకి వెళ్ళాక మా సమయంలో ఎక్కువ భాగం కబుర్లకే పోతుంది. పాట అడిగితే పాడతాం, ప్రార్థన కోరినవాళ్ళతో వాళ్ళ దేవుడినే ప్రార్థిస్తాం. ఏ కేసులో వచ్చావని మాత్రం ఎవరినీ అడగం. గిరిజన నాయకుడు లక్ష్మణ్ నాయక్‌ను హత్య కేసులో దోషిగా తేల్చి 1943 మార్చి 29న ఉరితీసింది మన బరంపురం జైలులోనే. ఈనాడు ఆయనను స్వాతంత్ర్య వీరుడని తలుచుకుంటున్నాం. కేసు కాగితం చూసి మనిషిని తెలుసుకున్నామనుకోరాదని నేను అనడం అందుకే.

కిందటి ఏడాది ఒక సవర స్త్రీ కుళాయి పక్కన గోడకు ఆనుకుని, ఎవరు పలకరించినా తల దించుకుని కూర్చునేది. ఒడియా అంతంతమాత్రం, తెలుగు అసలే రాదు. మాతో వచ్చే రిటైర్డు నర్సు పర్లాకిమిడి వైపు కొండ ఊళ్ళలో పనిచేసినావిడ కాబట్టి సవర మాట్లాడగలదు. ఆవిడ పక్కన చతికిలబడి ఊరు ఏది, పంట ఏమిటి అని అడిగేసరికి ఆ పిల్ల మొదట మాట్లాడింది ఇంటి దగ్గర వదిలి వచ్చిన మేకల గురించి. వాటికి మేత ఎవరు వేస్తున్నారోనన్నదే ఆమె దిగులు. మరి కొన్ని వారాలు గడిచాక గాని అసలు విషయం బయటపడలేదు: బెయిలు ఎప్పుడో వచ్చింది, పూచీకత్తు ఇవ్వడానికి భూమి కాగితాలున్న మనిషి ఆమెకు లేడు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు రాయించాం, కోర్టువారు షరతు సడలించారు, ఆమె ఊరు చేరింది. నువ్వు చెప్పే న్యాయ సహాయం ఆమె దాకా వెళ్ళడానికి ముందు మేకల కబురు వినేవాళ్ళు ఒకరు కావలసి వచ్చింది. గిడుగు రామమూర్తి గారు కూడా సవర పిల్లలకు బడి పెట్టేముందు వాళ్ళ భాష నేర్చుకున్నారు కదా!

ఇక చట్టం చేయగలిగినదంతా అయిపోయినవాళ్ళ సంగతి ఆలోచించు. యావజ్జీవ శిక్ష పడిన ఒక పెద్దామె ఉంది. ములాఖత్‌కు కొడుకు రావడం మానేశాడు. నన్ను దేవుడు క్షమిస్తాడా అని ఆమె నన్ను అడుగుతుంది, వెళ్ళిన ప్రతిసారీ అడుగుతుంది. దానికి ఏ వకీలు దగ్గరా సమాధానం లేదు, క్షమిస్తాడని నేను నమ్మి చెప్పిన మాట కూడా మళ్ళీ వెళ్ళేసరికి ఆమెలో కరిగిపోయి ఉంటుంది. అయినా ఆ ప్రశ్న అడగడానికి ఆమెకు ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి చెప్పిన రోజున రావాలి. 1994లో తిహార్ జైలులో వెయ్యి మందికి పైగా ఖైదీలు విపశ్యన ధ్యాన శిబిరంలో పది రోజులు మౌనంగా కూర్చున్నారంటే, లోపలి భారం దించుకోవాలనే కోరిక కటకటాల వెనుక ఎంత గట్టిగా ఉంటుందో నువ్వే ఊహించుకో. దానిని పనికిరానిదని మనం తీర్మానించకూడదు.

దసరా సెలవుల్లో నాతో రా. సూపరింటెండెంటు గారి అనుమతికి ముందే దరఖాస్తు పెట్టాలి, నీ ఆధార్ నకలు పంపించు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలోని 479వ సెక్షను కింద, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్ళు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బెయిలు ఎలా అడగవచ్చో, ఏ కేసులకు అది వర్తించదో, ఒక పేజీలో తేలిక మాటలతో తెలుగులోనూ ఒడియాలోనూ రాసి తీసుకురా. సవరలో నర్సమ్మ చెబుతుంది.

ఆశీస్సులతో,
మీ అమ్మ