సర్పంచ్ అభ్యర్థుల ఖర్చు లెక్కలు ఊరి ముందు పెట్టించండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి,

పాత పాలకవర్గాల గడువు ముగిసిన 2024 ఫిబ్రవరి మొదలు, 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతల పోలింగ్ జరిగేదాకా మా పల్లెలు ప్రత్యేకాధికారుల చేతిలోనే ఉన్నాయి. గడువు ముగియకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243ఇ అధికరణం చెబుతున్నా ఇంత జాప్యం ఎందుకు జరిగిందన్నది వేరే చర్చ. దానికి మీకన్నా ప్రభుత్వమే ఎక్కువ జవాబు చెప్పుకోవాలి. నేను అడగదలచింది పోలింగ్ తర్వాతి పని గురించి.

జనాభా 5,000 దాటిన గ్రామంలో సర్పంచ్ అభ్యర్థి రెండున్నర లక్షలు, అంతకు తక్కువ జనాభా ఉన్నచోట లక్షన్నర మించి ఖర్చు చేయరాదు. గెలిచినా ఓడినా ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా ఎంపీడీఓకు లెక్క అప్పగించాలి. ఇవ్వనివారిపై మూడేళ్ల అనర్హత వేటు వేయవచ్చు. నిబంధన గట్టిదే. కానీ ప్రచారం జరిగినన్నాళ్లూ రాత్రిపూట దావత్‌లు, ఇంటింటికీ చేరిన సీసాలు, హైదరాబాద్ నుంచి ఓటర్లను తెచ్చిన బండ్ల కిరాయి కళ్లారా చూసిన మా ఊరివాళ్లు, కాగితం మీద ఫ్లెక్సీలు, మైకులు, కరపత్రాలతోనే పద్దు ముగిసిందంటే నమ్ముతారా? నమ్మరని ఆ పద్దు రాసినవారికీ తెలుసు.

ఏకగ్రీవాల సంగతి మరీ విచిత్రం. గుడి కోసమనో, ఊరి అభివృద్ధి కోసమనో పెద్దమనుషులు సర్పంచ్ పదవిని వేలం వేస్తే, పాట పాడినవారు కట్టే సొమ్ము ఏ పద్దులోకి రావాలి? పోటీయే లేని చోట ఖర్చు ఎక్కడిదని దాటవేయడం సులువు. నా దృష్టిలో మాత్రం అది ఓటుకు నోటు ఇవ్వడం కన్నా పెద్ద తప్పు, ఎందుకంటే అక్కడ ఓటే లేకుండా పోయింది.

243కె అధికరణం పంచాయతీ ఎన్నికల పర్యవేక్షణను పూర్తిగా మీకే అప్పగించింది. హైకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప మిమ్మల్ని పదవి నుంచి తప్పించే వీలు లేదు. అంతటి రక్షణ ఉన్న కార్యాలయం మండల కార్యాలయాలకు ఒక ఉత్తర్వు పంపడానికి వెనుకాడనక్కరలేదు. నామినేషన్ల సమయంలో అభ్యర్థుల ఆస్తులు, కేసుల వివరాలు నోటీసు బోర్డు మీద అంటించినట్లే, వారిచ్చిన ఖర్చు లెక్కలను కూడా పంచాయతీ కార్యాలయం వద్ద నెలరోజులు ఉంచి, వాటిపై ఓటర్ల అభ్యంతరాలను రాతపూర్వకంగా స్వీకరించేలా చూడండి. లెక్క ఇవ్వనివారెవరో, వారిలో ఎవరెవరికి నోటీసులు వెళ్లాయో మండలాలవారీగా ప్రకటించి, ఏకగ్రీవమైన ప్రతి గ్రామంలోనూ వేలంపాట జరిగిందా లేదా అన్నదానిపై జిల్లా కలెక్టర్ల నుంచి నివేదిక తెప్పించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
పరకాల సమీప గ్రామ ఓటరు,
హనుమకొండ జిల్లా