ఫేస్‌బుక్‌లో వార్తలు కనిపించని దేశం నుంచి

ఎడ్మంటన్

ఒరేయ్ శ్రీనూ,

ఎలా ఉన్నావు? అమ్మగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? "కెనడాలో ఫేస్‌బుక్‌లో వార్తలే రావట, నిజమేనా? అంత స్వేచ్ఛ ఉన్న దేశంలో ప్రభుత్వం అలా ఎలా ఆపుతుంది?" అని మొన్న అడిగావు. ఫోన్‌లో చెబితే సగంలో ఆగిపోతుందని తీరిగ్గా రాస్తున్నాను.

నిజమేరా. కానీ ఆపింది ప్రభుత్వం కాదు, కంపెనీ. 2023 జూన్‌లో ఇక్కడి పార్లమెంటు ఆన్‌లైన్ న్యూస్ యాక్ట్ అని ఒక చట్టం చేసింది. గూగుల్, ఫేస్‌బుక్ లాంటి వేదికల మీద పత్రికల వార్తలు కనిపిస్తే, వట్టి లింకు కనిపించినా సరే, ఆ కంపెనీలు పత్రికలతో బేరం కుదుర్చుకుని డబ్బు ఇవ్వాలి. ప్రకటనల ఆదాయం ఈ కంపెనీలకు పోయి ఊళ్ళలో పత్రికలు మూతపడుతున్నాయని ఈ చట్టం తెచ్చారు. ఆ బాధ ఎలాంటిదో మండల విలేకరిగా పనిచేస్తున్న నీకు నేను చెప్పాలా?

ఫేస్‌బుక్ యజమాని మెటా ఒప్పుకోలేదు. లింకులు పత్రికలే తెచ్చి పెట్టుకుంటున్నాయి, దానికి మేమెందుకు డబ్బివ్వాలి అంది. 2023 ఆగస్టు 1 నుంచి ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో వార్తలు తీసెయ్యడం మొదలుపెట్టింది. కెనడా పత్రికలవే కాదు, ఏ దేశం పత్రికలవైనా ఇక్కడున్నవాళ్ళకు కనిపించవు. గూగుల్ కూడా మొదట బెదిరించింది కానీ, నవంబరులో ఏడాదికి 10 కోట్ల కెనడా డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది.

మెటా అలా ఆపేసిన రెండు వారాలకే ఎల్లోనైఫ్‌కు అడవి మంటలు దగ్గరపడ్డాయి. ఉత్తరాన గ్రేట్ స్లేవ్ సరస్సు ఒడ్డునున్న ఊరు అది. జనాభా 20 వేల దాకా ఉంటుంది. బయటికి పోవడానికి ఒకటే రోడ్డు. ఆగస్టు 16 రాత్రి ఊరంతా ఖాళీ చెయ్యమని ఆదేశం వచ్చింది. ఆ రోడ్డు పట్టుకుని దాదాపు 1,450 కిలోమీటర్లు వస్తే మా ఎడ్మంటన్. పిల్లల్నీ కుక్కల్నీ కార్లలో ఎక్కించుకుని దారి పొడవునా పొగలోంచి వచ్చారు. కొందరు విమానాల్లో వచ్చారు.

అక్కడ అంత దూరాన ఉన్నవాళ్ళకు ఫేస్‌బుక్కే ఊరి రచ్చబండ. ఎవరింట్లో ఏం కావాలన్నా, ఏ రోడ్డు మూసినా గ్రూపుల్లోనే మాట్లాడుకుంటారు. కేబిన్ రేడియో అని అక్కడిదే ఒక చిన్న వార్తా సంస్థ ఉంది. వాళ్ళు ఎప్పటికప్పుడు వార్తలు ఇస్తూనే ఉన్నారు. కానీ ఆ లింకును ఎవరూ ఫేస్‌బుక్‌లో పెట్టలేరు! స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నారు. స్క్రీన్‌షాట్‌లో ఉన్నది అది తీసిన నిమిషానికి నిజం. తర్వాత మంట దిక్కు మారినా, విమానం వేళ మారినా అందులో మారదు.

భద్రాచలంలో 2022 జూలైలో గోదావరి 71 అడుగులు దాటినప్పుడు నువ్వు కరకట్ట మీద నిలబడి గంట గంటకూ నీటిమట్టం చెప్పావు, గుర్తుందా? 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మీ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ రాత్రి నువ్వు పెట్టిన వార్త ఎవరికీ కనిపించకుండా చేస్తే ఎంతమంది ఇళ్ళు సర్దుకునే వేళ తప్పిపోయేవారో ఆలోచించు. నాకు అప్పుడూ ఇప్పుడూ కోపం వచ్చేది దీనికే.

అప్పటి ప్రధాని ట్రూడో, మంత్రులు, పత్రికలవాళ్ళు అందరూ అడిగారు. ఈ ఆపద వేళయినా వార్తలు వదలండి అని. కంపెనీ వదల్లేదు. ప్రభుత్వ అధికారిక పేజీలు కనిపిస్తున్నాయి కదా, అవి చూసుకోవచ్చు అంది. ఈ మాట నేను ఒప్పుకోనురా. ప్రభుత్వ పేజీ ప్రభుత్వం చెప్పదలుచుకున్నదే చెబుతుంది. ఆదేశం ఎందుకు ఆలస్యమైంది, నడవలేని ముసలివాళ్ళను ఎవరు తీసుకెళ్తారు అని అడిగేది విలేకరే.

అలాగని చట్టం రాసినవాళ్ళను నేను వెనకేసుకు రాను. ఆస్ట్రేలియాలో 2021 ఫిబ్రవరిలో ఇలాగే జరిగింది. ఫేస్‌బుక్ వార్తలు తీసేస్తూ అక్కడి వాతావరణ శాఖ, ఆరోగ్య శాఖల పేజీలు కూడా మూసేసింది. ప్రభుత్వం చట్టాన్ని కొంచెం మార్చింది, వారం రోజుల్లో అన్నీ తిరిగొచ్చాయి. ఇక్కడా కంపెనీ అలాగే దిగొస్తుందని ఇక్కడి ప్రభుత్వం వాళ్ళు అనుకున్నట్టున్నారు. రాకపోతే ఏం చెయ్యాలో ఒక్క పేరా కూడా ఆలోచించి పెట్టుకోలేదు. అది వాళ్ళ తప్పే.

నన్ను అసలు భయపెట్టేది ఇంకోటుంది. మెక్‌గిల్, టొరంటో విశ్వవిద్యాలయాల పరిశోధకులు చూస్తే, ఈ రెండు వేదికల మీద ఇక్కడి పత్రికలకు వచ్చే స్పందన దాదాపు 85 శాతం పడిపోయింది. అయినా చాలామంది జనానికి వార్తలు పోయిన సంగతే తెలియదు. వార్త ఉన్న చోట మీమ్‌లు, పార్టీల అభిమానుల పోస్టులు వచ్చి కూర్చున్నాయి. 2025 ఏప్రిల్ ఎన్నికలప్పుడు అచ్చం ఇక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ వార్త లాగే తయారు చేసిన మోసపు ప్రకటనలు తిరిగాయి. ప్రధాని మార్క్ కార్నీ ముఖం పెట్టి పెట్టుబడి పెట్టమనేవి. అసలు సీబీసీ కనిపించని చోట నకిలీ సీబీసీ కనిపించింది.

రాజకీయం అక్కడితో ఆగలేదు. 2025 జూన్‌లో పెద్ద టెక్ కంపెనీల మీద కెనడా వేసిన డిజిటల్ సేవల పన్నును ట్రంప్ వ్యతిరేకించి వాణిజ్య చర్చలే ఆపేస్తే, రెండు రోజుల్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అది వేరే చట్టమే. కానీ ఒక దేశం ఈ కంపెనీలతో తన పార్లమెంటులో తేల్చుకునే మాట మీద ఇంకో దేశం అధ్యక్షుడి చెయ్యి ఎంత దూరం వస్తుందో చూశాం.

మన దగ్గర కూడా డిజిటల్ పత్రికల సంఘం ఫిర్యాదు మీద 2022 జనవరిలో వ్యాపారంలో పోటీ సరిగ్గా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌పై విచారణకు ఆదేశించింది. మీ ఆఫీసులో దాని గురించి ఏమనుకుంటున్నారో కనుక్కో.

నేను మాత్రం పొద్దున్నే పత్రికల వెబ్‌సైట్లు నేరుగా తెరుస్తున్నాను. కారులో సీబీసీ రేడియో. ఒక చిన్న లోకల్ పత్రికకు చందా కూడా కట్టాను. నీ వార్తలు ఇకమీదట వాట్సాప్‌లో పంపు, దానికి ఈ అడ్డు లేదు. పేజీ ఫొటో కాదు, మీ పేపర్ వెబ్‌సైట్ లింకే పంపు. మళ్ళీ గోదావరికి నీళ్ళొచ్చినప్పుడు ఊళ్ళోవాళ్ళకు మట్టం సంగతి ముందు ఎవరి నుంచి తెలుస్తోందో గమనించి రాయి. అధికారుల నుంచా, గ్రూపుల నుంచా, మీ నుంచా? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. వదినకు నమస్కారాలు చెప్పు.

నీ
రవి