పక్కవాడికి కనిపించని ప్రకటన

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో మా బావమరిది చెరువు లీజుకు తీసుకుని వనామి రొయ్యలు వేశాడు. మొన్న ఒక రాత్రి, మేత ఎలా తింటున్నాయో చూసే చెక్ ట్రే ఎత్తితే నాలుగు రొయ్యలు నీరసంగా, పెంకు మీద తెల్ల చుక్కలతో కనిపించాయట. గట్టు మీదే కూర్చుని ఫోన్‌లో ‘తెల్లమచ్చకు మందు’ అని వెతికాడు. అక్కడి నుంచి వారం రోజులు ఏ వీడియో తెరిచినా ముందు అదే ప్రకటన. మూడు రోజుల్లో తెల్లమచ్చ మాయమవుతుందని ఒకరు, మా మందు వాడిన రైతు మాటల్లోనే వినండని ఇంకొకరు. నలభై వేలు పెట్టి రెండు రకాలు తెప్పించి చెరువులో పోశాడు. తెల్లమచ్చ వైరస్ జబ్బు. వచ్చాక నయం చేసే మందు లేదు. పరీక్ష చేయించిన రొయ్యపిల్లను వదలడం, బయటి నీళ్లు, పీతలు చెరువులోకి రాకుండా చూసుకోవడం, ఇలా ముందు జాగ్రత్తలే దిక్కు. ఈ మాట చెప్పే వీడియోలు తెలుగులోనూ ఉన్నాయి. అతనికి మాత్రం ఒక్కటీ కనబడలేదు.

పక్క చెరువు రైతుకు ఇరవై ఏళ్ల అనుభవం. ఆ ప్రకటన చూసి ఉంటే ‘డబ్బులు దండగరా అబ్బాయ్’ అని ఒక్క మాట చెప్పేవాడు. కానీ అదే వారం ఆయన ఫోన్‌లో వచ్చింది క్రికెట్, ట్రాక్టర్ల ప్రకటనలు. ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్నవాళ్లలో ఒకరికి ఏం చూపిస్తున్నారో ఇంకొకరికి తెలియదు. నన్ను నిద్రపోనివ్వనిది ఈ సంగతే.

మన ఇష్టాన్ని బట్టి చూపించడమే తప్పని నేను అనను. నా ఫోన్ నాకు త్యాగరాజ కీర్తనలు వెతికి పెడుతుంది, సంతోషమే. కానీ ఇష్టాన్ని గమనించే యంత్రమే భయాన్నీ గమనిస్తుంది. అర్ధరాత్రి ఏం వెతికాం, ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగాం, దేన్ని సగంలో వదిలేశాం, అన్నీ లెక్కకు వస్తాయి. మనిషి బాగా బెంగగా ఉన్న గంటలో ఆ బెంగకు సరిపడే సరుకే ఎదురుగా వచ్చి నిలబడుతుంది. అదే ప్రకటన మీ పత్రికలో వచ్చి ఉంటే మత్స్యశాఖ అధికారి చూసేవారు, పోటీ కంపెనీవాళ్లు చూసేవారు, నాలాంటివాడు మీకు ఉత్తరం రాసేవాడు. బావమరిది ఫోన్‌లో వచ్చినదాని మీద ఎవరికి ఉత్తరం రాయాలి?

2012 జనవరిలో ఫేస్‌బుక్ వారం రోజుల పాటు 6,89,003 మంది మీద ఒక ప్రయోగం చేసింది. కొందరికి మిత్రుల పోస్టుల్లో సంతోషంగా ఉన్నవి తగ్గించింది, కొందరికి బాధగా ఉన్నవి తగ్గించింది. వాళ్లు రాసే మాటల్లోనూ ఆ మార్పు కాస్త కనిపించింది. మార్పు చాలా చిన్నదే. కానీ 2014లో పరిశోధన పత్రం బయటికి వచ్చేదాకా తమ మీద ప్రయోగం జరిగిందని వాళ్లకు తెలియదు. ఎలా తెలుస్తుంది? నా పేజీ నీ పేజీ ఒకటే అయితే కదా, తేడా పట్టుకోవడానికి!

మన జిల్లాలోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో నేను రాత్రి బడిలో పాఠం చెప్పాను. లాంతరు చుట్టూ కూర్చున్న ఆడవాళ్లందరి చేతుల్లో ఒకే వాచకం. సారా వల్ల చితికిన కాపురం గురించిన పాఠం వచ్చినప్పుడు ఒకామె కన్నీళ్లు పెట్టుకుంటే పక్కామె ‘మా ఇంట్లోనూ ఇదే’ అంది. దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు 1992లో సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం జిల్లా అంతా పాకి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తాగుబోతు మొగుడున్న ఆమెకు ఒక పాఠం, లేని ఆమెకు ఇంకో పాఠం ఇచ్చి ఉంటే ఆ రాత్రి ‘మా ఇంట్లోనూ ఇదే’ అనే మాట పుట్టేదా?

మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, 18 ఏళ్ల లోపు పిల్లల నడవడికను వెంబడించి గమనించకూడదనీ, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపకూడదనీ రాశారు. మంచిదే. మరి అప్పు చేసి చెరువు వేసిన నలభై ఏళ్ల రైతు సంగతేమిటి? యూరప్ దేశాలు 2022లో చేసిన డిజిటల్ సేవల చట్టం ప్రకారం అక్కడి పెద్ద వేదికలు, మనిషి గుణగణాల లెక్కతో, అంటే అతను ఏం చూశాడు, ఏం వెతికాడు అన్న లెక్కతో, పనిలేని సిఫార్సుల మార్గం ఒకటైనా వాడేవాళ్లకు ఇవ్వాలి. మన దగ్గర నా బావమరిది ఫోన్‌లో చూసిన వీడియోల చరిత్రను ఆపే చోటు వెతకడానికే నాకు అరగంట పట్టింది. చదువు చెప్పినవాడిని, నాకే అంతసేపు పట్టింది.

మన పార్లమెంటు సభ్యులు ఈ విషయం సభలో అడగాలి. గుణగణాల లెక్క లేని మార్గం మొదటి తెర మీదే, తెలుగులో ఉండాలి. ‘ఇది మీకు ఎందుకు చూపిస్తున్నాం’ అన్న సమాధానం ప్రతి ప్రకటన కిందా తెలుగులో రావాలి. మనిషికైనా పైరుకైనా రొయ్యకైనా, మందుల ప్రకటనను ఏ ఒక్కడికో గుట్టుగా చూపే వీలు ఉండకూడదు. ఏ జిల్లాలో ఏ మందు ప్రకటన తిరుగుతోందో అందరూ చూడగలిగే జాబితాలో అది ఉండాలి. ఆ జాబితా ఉంటే పక్క చెరువు ఆయనకు చూపించి అడుగుతాను. వచ్చే నెల బావమరిది మళ్లీ పిల్ల వదులుతున్నాడు.

ఒక రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుడు,
కోవూరు, నెల్లూరు జిల్లా